ఆఖరి చీటీ

దుప్పట్ల కొట్టు షట్టర్ దించి ఉంది. మల్‌సున్ దాన్ని రెండుసార్లు తట్టి చూసింది.

కొరియాలోని పోహాంగ్ చేపల బజారులో ఆడవాళ్ళ చీటీ నడిపేది ఆ కొట్టు యజమాని జోంగ్‌నిమ్. ముందు ఎత్తుకున్నవాళ్ళకు తక్కువ, ఆఖరున ఎత్తుకున్నవాళ్ళకు ఎక్కువ. కూతురు హేవన్ కాలేజీలో చేరే వేళకు పెద్ద మొత్తం చేతికందుతుందని మల్‌సున్ ఆశపడి ఆఖరి చీటీయే కోరుకుంది. హేవన్‌కు నర్సింగులో సీటొచ్చింది. ఫీజుకు ఈరోజే గడువు, నాలుగింటికి బ్యాంకు మూసేలోగా కట్టాలి. లేదంటే ఆ సీటు వెనక కాచుకుని ఉన్న పిల్లకు పోతుంది. పొద్దున్నే ఆఖరి వాయిదాలు వసూలు చేసి డబ్బు తెచ్చిస్తానన్న జోంగ్‌నిమ్ ఫోను కూడా మోగడం లేదు.

గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే మునిగేది తన కొంపే. జోంగ్‌నిమ్ కనబడటం లేదని తెలిస్తే ఆఖరి వాయిదా ఎవరూ కట్టరు, ముందే ఎత్తుకుని హాయిగా ఉన్న మహాతల్లులు అసలే కట్టరు. అందుకే నోరు కుట్టేసుకుని తన చేపల కొట్లో కానాగంతలు కోయడానికి కూర్చుంది.

పక్క కొట్లో తినే సముద్రపు నాచు అమ్మే బొక్‌హీ రానే వచ్చింది.

"హేవన్ వాళ్ళమ్మా, దుప్పట్లావిడ ఏదీ? ఉడాయించలేదు కదా?"

మల్‌సున్ పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా నవ్వింది.

"నీ నోట్లో మన్ను పడ. ఉల్సాన్‌లో వాళ్ళ చెల్లెలికి ఒంట్లో బాగాలేదట, వెళ్ళింది. వాయిదా ఖాతాలో వేసెయ్యమంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ."

బొక్‌హీ అక్కడే ఫోన్లో డబ్బు పంపేసి, కబురు బజారంతా మోసింది. ఒక్కొక్కరే కట్టేస్తుంటే మల్‌సున్‌కు భయం రెట్టింపైంది. వీళ్ళ సొమ్ము కూడా తానే దొంగ చేతిలో పెట్టిస్తోందేమో. ఇంతలో హేవన్ ఫోన్ చేసింది.

"అమ్మా, కట్టావా?"

"కడుతున్నానే. నువ్వు అన్నం తిను."

మూడు దాటాక జోంగ్‌నిమ్ వచ్చింది. చేతిలో పెద్ద ప్రయాణం పెట్టె ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బస్టాండులో ఫోన్ ఆన్ చేశానక్కా. డబ్బంతా వచ్చి పడింది. మీ చెల్లెలికి ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు." గొంతు తగ్గించింది. "నాకు చెల్లెలు లేదని నీకు తెలుసు కదా."

"తెలుసు. పద."

మల్‌సున్ చేపల చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకుంది. బ్యాంకు దాకా అలాగే నడిపించుకెళ్ళింది. డబ్బు తీయించి, ఫీజు కట్టి, రశీదు చేతికొచ్చేదాకా వదల్లేదు. వదిలాక చూస్తే జోంగ్‌నిమ్ చర్మం మీద చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"రేపు కొట్టు తెరువు," అంది మల్‌సున్. "మీ చెల్లెలికి నయమైందని నేను చెబుతాను."