ఏటి అవతలి మంట

బర్మా సరిహద్దును ఆనుకున్న మేసాయి ఊళ్ళో బువాలై కూతురికి ఆ వేసవిలోనూ ముక్కులోంచి రక్తం కారింది. "పొగ ఊపిరితిత్తుల్లోకి దిగిందమ్మా, పిల్లను దూరంగా తీసుకుపో" అన్నాడు డాక్టరు. ఏటి అవతల బర్మావాళ్ళు కోతలైన మొక్కజొన్న చేలు తగలబెడుతున్నారని బువాలై తమ్ముడు ఖంపాన్ రోజూ తిట్టేవాడు. "వాళ్ళ చేతులు పడిపోనూ!" అని ఆమె వంత పాడేది.

ఒకనాడు బంధువుల పెళ్ళికని వంతెన దాటి ఏటి అవతలికి వెళ్ళింది. దారిలో, కాలుతున్న చేనిగట్టున కూలీలను అదిలిస్తూ ఖంపానే కనిపించాడు.

"ఇది నీ చేనట్రా?"

"కౌలుకు తీసుకున్నానక్కా. మనవైపు తగలబెడితే పోలీసులు ఊరుకోరు కదా. పొగదేముంది, గాలి ఎటు వీస్తే అటు పోతుంది."

"మనింటికే వస్తుందని తెలిసే కదరా, నీ పెళ్ళాం పిల్లల్ని దక్షిణాన పొగలేని ఊరికి పంపేశావు? నా బిడ్డ గుర్తుకు రాలేదూ?"



ఆ సాయంత్రమే బువాలై కూతురితో బస్సెక్కింది. దారిపొడుగునా తమ్ముడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఆమె ఎత్తలేదు.