తడి ఇసుకలో సీసాలు

బీరు పేరెత్తితేనే మొహం తిప్పుకునే నాగలక్ష్మి, పదిహేను రోజులుగా పన్నెండు బీరు సీసాలకు కాపలా కాస్తోంది. వింటే ఎవరైనా నవ్వుతారు. నవ్వడానికి ఆమెకు మాత్రం ఓపిక లేదు.

మొగుడు చెన్నకేశవులు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోస్తాడు. సాయంత్రం పని దిగితే కాళ్లు వాటంతటవే బ్రాందీ షాపు దారి పడతాయి. కార్తీకంలో శివమాల వేసుకున్నాడా, నలభై ఒక్క రోజులు బంగారంలాంటి మనిషి. శ్రీశైలంలో మాల తీసి, తిరుగుదారిలో దోర్నాలలో బస్సు దిగి మళ్లీ మొదలుపెడతాడు. పన్నెండేళ్లుగా ఇదే తంతు. నాగలక్ష్మి అరిచింది, ఏడ్చింది, పుట్టింటికి పోయి వచ్చింది. చివరికి అరవడం కూడా మానేసింది.

ఈ ఏడు అతని చిన్నాన్న కొడుకు మురళీకృష్ణ ఒక ఉపాయం చెప్పాడు. బెంగళూరులో బీరు కాచి అమ్మే హోటల్లో పని అతనిది. ఇంట్లోనే కాచుకుని వారానికి రెండు సీసాలతో సరిపెట్టుకోమని, షాపు గడప తొక్కొద్దని అన్నకు నచ్చజెప్పాడు. సరుకంతా తెచ్చి దగ్గరుండి కాయించాడు. పులిసిన బీరును సీసాల్లో పోసి, ఒక్కోదాంట్లో అర చెంచా చక్కెర వేసి మూతలు బిగించారు. లోపల గ్యాస్ పుట్టడానికి పదిహేను రోజులు పడుతుంది. అంతవరకు చుక్క ముట్టనని, గ్యాస్ రాకపోతే మాత్రం తనను ఆపొద్దని చెన్నకేశవులు అన్నాడు.

మాట మీద నిలబడ్డాడు కూడా. చేతులు వణికినా, అన్నం సయించకపోయినా, పని దిగి నేరుగా ఇంటికే వచ్చాడు. శివుడికి దండం పెట్టి బీరు పొంగాలని మొక్కుకోవాల్సి వచ్చినందుకు నాగలక్ష్మి సిగ్గుపడింది. అయినా మొక్కుకుంది.

పదిహేనో రోజు పొద్దున మురళీకృష్ణ ఫోన్ చేసి, సీసాలు ఎక్కడ పెట్టారని అడిగాడు. పెరుగైనా ఆకుకూరైనా, చెడిపోకూడదనుకున్నది ఏదైనా ఆ ఇంట్లో నీళ్లకుండ కింది తడి ఇసుకలోనే పెడతారు. ఆమె సీసాలూ అక్కడే పెట్టి, రోజూ నీళ్లు చిలకరించింది.

"ఈ చలికి తడి ఇసుకలో పెట్టినావా వదినా? వెచ్చగుంటేనే గదా గ్యాస్ వచ్చేది."

నాగలక్ష్మి చేజేతులా చెడగొట్టానని రోజంతా కుమిలిపోయింది.

సాయంత్రం చెన్నకేశవులు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని మెట్టు మీద కూర్చున్నాడు. సీసా తెమ్మన్నాడు. ఆమె ఆ చెప్పుల వైపే చూస్తూ తెచ్చి ఇచ్చింది. సీసా చల్లగా ఉంది, అడుగున ఇసుక అంటుకుని ఉంది. అతను కాసేపు దాన్ని తడిమి చూసి మూత తీశాడు. చప్పుడేమీ కాలేదు. గ్లాసులో పోస్తే నురగ లేదు.

తప్పు తనదేనని చెప్పాలనుకుంది.

"గ్యాస్ వచ్చిందా?" అని మాత్రం అడిగింది.

అతను గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "కొంచెం వచ్చిందిలే," అన్నాడు.

చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. లేచి, మిగిలిన పదకొండు సీసాల ఇసుక తుడిచి, ఒక్కొక్కటే తెచ్చి నీళ్లు కాచే పొయ్యి వెనక గోడవారగా పేర్చాడు. పైన పాత దుప్పటి కప్పాడు.

"వీటిని ఇంకో పదిహేను రోజులు చూద్దాం," అన్నాడు.

నాగలక్ష్మి ఆ మెట్టు మీద, చెప్పుల పక్కనే కూర్చుని ఏడ్చింది.