గుమ్మంలో ఊపిరి

సీటు విప్పడం అతను ఎప్పుడూ వెనక కుట్టు దగ్గరే మొదలుపెడతాడు. ముందు వైపు కత్తి పెడితే రెక్సిన్ చిరుగుతుంది. వెనక కుట్టు తెంపితే దిండు గలీబులా మొత్తం తొడుగు ఊడి వస్తుంది. ఆ ఉదయం కూడా సీటును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దారాలు ఒక్కొక్కటే తెంపి, తొడుగు లాగేశాడు. లోపలి స్పాంజి నాలుగు రోజుల నాటి రొట్టెలా పసుపుపచ్చగా ఉండి, అంచుల్లో పొడిపొడిగా రాలుతోంది. దాని సందుల్లోంచి ఒక దువ్వెన, మూడు పాత టికెట్లు, ఒక చిన్నపిల్ల మేజోడు బయటపడ్డాయి. మేజోడు దులిపి కిటికీలో పెట్టాడు. ఎవరూ వచ్చి అడగరని తెలుసు. అయినా కిటికీలో ఏడెనిమిది మేజోళ్ళున్నాయి, అన్నీ ఒంటివే.

బస్సు డిపోలో సీట్లు కుట్టేవాడికి మనుషులు మొహాలతో పని లేకుండానే తెలుస్తారు. కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు ముందు సీటు వీపును గిల్లుతారు. చివరి వరుసవాళ్ళు పేర్లు చెక్కుతారు. కొత్తగా ప్రేమలో పడ్డవాళ్ళు మరీ లోతుగా చెక్కుతారు. దాన్ని కప్పడానికి పెద్ద ముక్క కావాలి. డ్రైవరు సీటు మాత్రం ఎక్కి దిగే అంచునే అరుగుతుంది. అది అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. పదహారేళ్ళు అలాంటి సీటును తనే అరగదీశాడు.

ఆ ఉద్యోగం ఒక పొద్దున పోయింది. ముందురోజు తాగింది ఇంకా దిగకుండానే ఖాళీ బస్సును బయటికి తీస్తూ టికెట్ల గదిని గుద్దేశాడు. గోడ కూలింది, బల్ల విరిగింది, కుర్చీ నుజ్జయింది. ఆ కుర్చీలో ఉండవలసిన గుమాస్తా సరిగ్గా ఆ నిమిషానికి టీ తాగడానికి వెళ్ళాడు. ఆ టీ ఎవరు పెట్టారో, ఏ గ్లాసులో పోశారో అతనికి తెలియదు గానీ, పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున మొదటి గుక్క తాగేముందు మనసులో ఆ టీకి ఒక దండం పెట్టుకుంటాడు.

లైసెన్సు పోయింది. భార్య పుట్టింటికి పోయింది. మెకానిక్కుల మేస్త్రి ఒక్కడే, "స్టీరింగు ఇవ్వను గానీ సూది ఇస్తాను" అని, మూతపడి ఉన్న సీట్ల గదికి తాళం తీశాడు. మొదటి ఏడాది అతని కుట్లు అతని నడకలాగే వంకరగా ఉండేవి.

ఏడాది గడిచాక ఒక సాయంత్రం వెళ్ళి అత్తగారింటి ముందు నిలబడ్డాడు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. బక్కపలచటి మనిషి, అయినా గుమ్మం నిండిపోయింది. అంతకుముందు "అల్లుడుగారూ" అని పిలిచేది. టికెట్ల గది గోడతోపాటే ఆ 'గారు' కూడా కూలింది. గోడను మళ్ళీ కట్టారు.

"ఊదు," అంది.

"ఏంటత్తయ్యా?"

"ఊపిరి. నా మొహం మీద ఊదు."

ఊదాడు. ఆవిడ కళ్ళు మూసుకుని పీల్చి, "రేపు రా," అంది. మర్నాడూ అదే. ఎనిమిది సాయంత్రాలు గుమ్మం చూసి వెనక్కి వెళ్ళాడు. తొమ్మిదో రోజు ఆవిడ కుర్చీ పక్కకి జరిపి, "లోపలికి పద," అంది. ఆ మాట విన్నప్పుడు కలిగిన సంతోషం అతనికి లైసెన్సు వచ్చిన రోజు కూడా కలగలేదు.

అప్పటినుంచి ఆ ఇంట్లోనే పదకొండేళ్ళు. ఆదివారాలకి కూడా మినహాయింపు లేదు. పాలు తేవడానికి వీధి చివరిదాకా వెళ్ళొచ్చినా ఊదవలసిందే. ఒకసారి ఆ దారిన పోతున్న డిపో డ్రైవరొకడు ఈ తంతు కళ్ళారా చూశాడు. తెల్లారేసరికి అతని పేరు 'ఊదుబత్తి', అత్తగారి పేరు 'ముక్కమ్మ' అయిపోయాయి. అతను బాధపడలేదు. పైగా ఆ పేరు పనికొచ్చింది. ఎవరు గ్లాసు అందించినా, "ఇంట్లో ముక్కుంది నాయనా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, గ్లాసు వెనక్కి వెళ్ళేది. ఆ ఒక్క మాటతో పదకొండేళ్ళు గట్టెక్కాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది. భార్య. బేకరీలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని ఆ వేళకి ఇల్లు చేరుతుంది.

"ఏవండీ, ఇల్లు తగలబడలేదు. ముందు అది వినండి."

"మరి తగలబడిందేంటి?"

"పాలగిన్నె. అమ్మ పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. గిన్నె బొగ్గయిపోయింది. నాకు వీధి మలుపులోనే కమురు కంపు కొట్టింది. పరిగెత్తుకొస్తే ఈవిడ పొయ్యి పక్కనే కూర్చుని పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతోంది. నన్ను చూసి, 'పాలు వెచ్చగా ఉన్నాయి, తాగు' అంది!"

అతను నవ్వాడు. అవతల నవ్వు వినిపించలేదు.

"ఏవండీ, అమ్మకి వాసన తెలీదండీ."

"జలుబు చేసిందేమో."

"జలుబు కాదు. గట్టిగా నిలదీస్తే చెప్పింది. జ్వరం వచ్చి ఆసుపత్రిలో పెట్టాం చూడండి, అప్పుడే పోయిందట. 'నాకు సబ్బూ ఒకటే, చేపా ఒకటే' అంటోంది."

"అది అయిదేళ్ళ కిందటి మాట కదే!"

"అవును. మీకు చెప్పొద్దంది. చెప్పనన్నాను. ఇదిగో, చెప్పేశాను. నా నోరు నా మాట వినదు."

ఫోన్ పెట్టేశాక అతను డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు. అయిదేళ్ళుగా రోజూ వంగి, మూసిన తలుపు మీద ఊదుతున్నాడన్నమాట. ముందు కోపం వచ్చింది. తర్వాత ఆవిడ కళ్ళు మూసుకుని గంభీరంగా పీల్చే తీరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక భయం వేసింది. బండిని వాలులో నిలిపినప్పుడు చక్రం కింద రాయి పెడతారు. రాయి ఉందన్న ధైర్యంతో ఇన్నాళ్ళూ హాయిగా నిద్రపోయాడు. ఇవాళ వంగి చూస్తే రాయి లేదు. మరి బండి ఎలా నిలబడింది? ఇక ముందు నిలబడుతుందా?

మధ్యాహ్నమంతా కుట్టాడు. వంకీసూది వేలిలో రెండుసార్లు దిగింది.

నాలుగింటికి టైర్ల షెడ్డు వెనక మేస్త్రి పదవీ విరమణ పార్టీ. మేనేజరు వచ్చి కేకు కోయించి, రెండు ముక్కలు మాట్లాడి, మూడో ముక్క తిని వెళ్ళిపోయాడు. ఆయన అలా మలుపు తిరగగానే టైర్ల మధ్యనుంచి సీసాలు లేచాయి. ఆ వాసన, పక్క గదిలోంచి పాత స్నేహితుడు పిలిచినట్టు, నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

కరెంటు పనులు చూసేవాడు ఒక గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. పూర్వం ఇద్దరూ ఒకే సీసాలో తాగినవాళ్ళే.

"పట్టుకో ఊదుబత్తీ. మేస్త్రి రోజూ రిటైరవుతాడేంట్రా? ఒక్క గుక్క."

ఎప్పటి మాటే నాలుక మీదికి వచ్చింది. నోరు తెరిచాడు. మాట బయటికి రాలేదు. ఇంట్లో ముక్కు లేదు. ఉన్నదల్లా చేతిలో చల్లటి గ్లాసు, ముందు నలభై నిమిషాల బస్సు ప్రయాణం. నోట్లో లవంగం కూడా వేసుకోనక్కర్లేదు. భార్య కనిపెడుతుందా అంటే, పొద్దస్తమానం ఈస్టు కలిపిన పిండిలో మునిగి తేలేదానికి పులిసిన వాసన కొత్తేం కాదు. ఒక్క గ్లాసు ఇంట్లో ఎవరి కంటా పడకుండా, ఎవరి ముక్కుకీ తగలకుండా వెళ్ళిపోతుంది. ఆ ఇంట్లో తెలిసేది ఒక్కడికే.

"ఏంట్రా, ముక్కమ్మ గుర్తొచ్చిందా?"

"ఆవిడ సంగతి కాదు," అన్నాడు. "నాకే వద్దు."

"అంటే?"

"అంటే నాకొద్దని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏమీ లేదు. పదకొండేళ్ళలో ఆ మాట తను ఒక్కసారి కూడా అనలేదని అతనికి అప్పుడే తెలిసింది. గ్లాసును టైరు మీద పెట్టబోతే చెయ్యి వణికి నాలుగు చుక్కలు బొటనవేలి మీద ఒలికాయి. ప్యాంటుకి తుడుచుకోబోయి ఆగాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి, గ్రీజు వదలగొట్టే సబ్బుతో మోచేతులదాకా కడుక్కున్నాడు.

మేస్త్రి రెండు సోడాలతో వచ్చి పక్కన నిలబడ్డాడు. "నాక్కూడా వద్దులే. నాది గొప్పతనం కాదు, గ్యాసు." ఒక సోడా అందించాడు. "సూది పట్టి పన్నెండేళ్ళయింది, చెయ్యింకా వణుకుతోందేంట్రా?"

"ఇవాళే వణికింది మేస్త్రీ." సోడా సగం తాగాక అన్నాడు, "ఆ రోజు మీరు సీట్ల గది తాళం తీయకపోతే..."

"అది తుప్పు పట్టిన తాళం. నూనె వేద్దామని తీశాను. నువ్వు దూరావు." మేస్త్రి మొహం పక్కకి తిప్పుకుని గట్టిగా త్రేన్చాడు. సోడా వల్లే అయి ఉంటుంది.

ఇంటికి వచ్చే బస్సులో అతను తను కుట్టిన సీటులోనే కూర్చున్నాడు. ఎండ వాలింది. పక్కనున్నావిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి వాలి నిద్రపోయింది. ఆమె తల కింది కుట్టు తిన్నగా ఉంది.

అత్తగారు గుమ్మంలోనే ఉంది. "ఇవాళ పార్టీ అన్నావుగా?"

"అవునత్తయ్యా."

"ఊఁ. ఊదు."

వంగి, ఎప్పటికన్నా నిదానంగా, ఛాతీలో ఉన్నదంతా ఊదాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. ముక్కుపుటాలు ఉబ్బాయి. తర్వాత కళ్ళు తెరిచి అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. రోజూ ఇంతసేపే చూస్తుందేమో. ఇన్నేళ్ళూ తను తల వంచుకునే ఉండటం వల్ల తెలియలేదు.

"టీ తాగావు," అంది. "పంచదార ఎక్కువ."

"రెండు చెంచాలత్తయ్యా."

లోపల మాడిన గిన్నె తోముతున్న చప్పుడు ఠక్కున ఆగింది.

"తగ్గించు. ఒంటికి మంచిది కాదు. లోపలికి పద." కుర్చీ జరిపింది.

అతను గుమ్మంలోనే ఆగాడు. "చాలా సంతోషం అత్తయ్యా."

"దేనికీ?"

"కుర్చీ జరిపినందుకు."

"రోజూ జరుపుతూనే ఉన్నాను. ఇవాళే కనిపించిందా?" ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. "కాసేపు నడుం వాలుస్తాను. అన్నం వేళకి లేపండి. దానికి చెప్పు, కూరలో ఉప్పు చూసి వెయ్యమను. గిన్నె మాడిందన్న బెంగలో దాని చెయ్యి దాని స్వాధీనంలో లేదు."

అన్నం వేళకి భార్య వెళ్ళి పిలిచింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి అతన్ని పిలిచింది. అత్తగారు వెల్లకిలా, కళ్ళు మూసుకుని, ఏదో తీర్పు చెప్పబోతున్నట్టే ఉంది. వీధి చివరి డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, ఎనభై రెండేళ్ళ గుండె, నిద్రలోనే ఆగిందని, ఏ కష్టమూ పడలేదని చెప్పాడు.

ఆ వారం చివర ఇద్దరూ కలిసి ఆవిడ పక్కబట్టలు తీశారు. దుప్పటి చెరో కొసా పట్టుకుని మడుస్తుండగా భార్య అడిగింది, "రేపట్నుంచి సాయంత్రం నేను కూర్చోనా గుమ్మంలో?"

"నీ ముక్కు నిండా పిండేగా."

"నవ్వులాట కాదండీ."

"వద్దులే," అన్నాడు. "నేను చూసుకుంటాను."

ఆమె అతని మొహంలోకి చూసింది, అచ్చం తల్లిలాగే. తల ఊపింది. దిండు ఎత్తబోతే గలీబులోంచి చిన్న సీసా దొర్లి పడింది. తలనొప్పికి రాసుకునే బామ్.

"అమ్మకి తలనొప్పి ఎప్పుడొచ్చిందండీ? మనకి తెప్పించడమే గానీ." సీసా అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించి అంది, "ఘాటైనది కదా. రోజూ మూత తీసి చూసుకునేది కాబోలు, ఇవాళైనా తెలుస్తుందేమోనని."

అతను సీసా అందుకుని కిటికీ వెలుతురులో పెట్టాడు. బామ్ నిండుగా ఉంది, పైపొర ఎండి సన్నగా పగిలింది, ఒక్క వేలి గుర్తయినా లేదు. మూత మీది ఆకుపచ్చ రంగు మాత్రం తీసీ తీసీ చుట్టూ అరిగిపోయి, కింది తెల్లరేకు మెరుస్తోంది.