నిచ్చెన పట్టినవాడు

కీబోర్డు సందుల్లోని దుమ్మును పాత ఆరో నంబరు కుంచెతో దులిపి, అక్బర్ కంప్యూటర్ బటన్ నొక్కాడు. రోజూ ఇదే వరస. పొద్దున నమాజు, చాయ్, తర్వాత పెళ్లి కార్డుల కంపోజింగు. పని లేని గంటల్లో తన అక్షరాలు. ఇవాళ తెర వెలగలేదు. డబ్బా లోపల ఎవరో గోటితో కొడుతున్నట్టు టక్, టక్‌మని చప్పుడు వచ్చి ఆగిపోయింది.

సుల్తానాబాద్ బస్టాండు పక్కన కంప్యూటర్లు బాగుచేసే అవేజ్ ఆ కంప్యూటర్ డిస్కును చెవికి ఆనించుకుని విని, పెదవి విరిచాడు.

"ఖతం, చాచా. దీంట్లకెళ్లి ఏం రాదు. కాపీ ఏమన్న ఉన్నదా, అంతా మట్టేనా?"

"ఉన్నది. కరీంనగర్ల మా కైలాసం దుకాన్ల."

"గంత దూరమా?"

"ఇల్లు కాలితే ఇంట్లున్న కాపీ గూడ కాలుతది గదా, బేటా," అన్నాడు అక్బర్. అలా అన్నప్పుడు అతని ముఖంలో కొంచెం గర్వం కనిపించింది.

అవేజ్ దగ్గర కొన్న కొత్త డిస్కును చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటి నుంచి బయల్దేరబోతుంటే భార్య అజ్రా గుమ్మంలోకి వచ్చింది.

"సునో, కైలాసం దుకాన్లున్న ఆ నిచ్చెన ఇయ్యాలన్నా తెస్తరా? అటక మీది బొంతలు దించాలె."

"అది ఇద్దరిది," అన్నాడు. ఆరేళ్లుగా అదే జవాబు.

పంతొమ్మిదేళ్లు అతనూ కైలాసమూ ఆ ఒక్క నిచ్చెన మీదే బతికారు. ఎరువుల ప్రకటనలు, బడి గోడలు, గుడి ముందర దాతల పేర్లు. అక్బర్ పైకెక్కి రాసేవాడు. కైలాసం రంగు కలిపి అందించి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకునేవాడు. అంత ఎత్తున నిలబడి ఒక్కసారైనా కిందికి చూసిన గుర్తు అక్బర్‌కు లేదు. పడ్డది ఒకేసారి, అదీ కందిరీగల వల్ల. విరిగిన మణికట్టు అతుక్కున్నాక అతను రాసే 'ల' చివర కాస్త కిందికి వాలడం మొదలైంది. ఎంత దిద్దినా పోలేదు.

ఫ్లెక్సీలు వచ్చాక కైలాసం వాటిని అచ్చువేసే మిషన్ కొన్నాడు, అక్బర్ కంప్యూటర్ కొన్నాడు. చేత్తో రాసిన అక్షరాలను స్కాన్ చేసి, గుణింతాలు, వత్తులతో సహా ఒక్కొక్కటే దిద్దుతూ పదకొండేళ్లు గడిపాడు. ఆరువందల నలభై అయ్యాయి. ఇంకో యాభై అయితే ఎవరైనా వాటితో టైపు కొట్టుకోవచ్చు. ఎక్కడో ఓ మూల తన పేరు ఉంటుంది. అంతకంటే పెద్ద కోరిక అతనికి లేదు. ఆ మధ్య లక్సెట్టిపేట పోతూ ఒక బోర్డు మీద తన 'ల' లాంటిదే చూసి, ఇంకెవడికో కూడా చెయ్యి విరిగినట్టుందని నవ్వుకున్నాడు.

ప్రతి నెలా మొదటి శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక కరీంనగర్ పోయి, ఆ నెలలో చేసిన అక్షరాలను కైలాసం కంప్యూటర్లో వేసి రావడం అలవాటు. ఇవాళ మంగళవారం.

దుకాణంలో అడుగుపెట్టిన అక్బర్‌ను చూడగానే కైలాసం కళ్లు గోడ మీదికి పోయాయి. అక్బర్ కూడా అటే చూశాడు. అక్కడ రెండేళ్లుగా ఉత్త మేకునే చూస్తున్నాడు. 'క్యాలెండరన్న పెట్టరాదు' అని ఒకసారి అన్నాడు కూడా. ఇవాళ దానికి అద్దాల చట్రం వేలాడుతోంది. లోపల సన్మానపత్రం, 'అక్షరశిల్పి కైలాసం' అని పెద్దక్షరాలు. రెండు 'ల'లూ కిందికి వాలి ఉన్నాయి.

అక్బర్ డిస్కును తగిలించి, తన పేరున్న ఫోల్డర్ వెతికి కాపీకి పెట్టాడు. ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుందని తెర మీద వచ్చింది. కుర్చీలో కూర్చున్నాక అడిగాడు.

"మొదటి శుక్రవారం అది యాడ ఉంటది?"

కైలాసం బల్ల కింది సొరుగు వైపు చూసి తల దించుకున్నాడు.

"హైదరాబాదుల అక్షరాలమ్మే ఒక కంపెనీవాళ్లు, భాయ్. నీ పేరే చెప్పిన, మా అవ్వ మీద ఒట్టు. తెలుగు అక్షరాలకు గా పేరేంది, జర సోంచాయించు, వేరే పేరు చెప్పు అన్నరు."

"సోంచాయించినవ్."

"నా పేరు పెట్టకుంటే గా అక్షరాలు నీ డబ్బాలనే మురిగేటివి. ఇయ్యాల దాంతోటే పోయేటివి. నా తాన ఉన్నందుకే గదా బతికినయి!"

అది అబద్ధం కాదు.  అక్బర్ తెర వైపు తిరిగాడు.

"అప్పటికి అన్ని కాలే గదా?"

"వాళ్లే ఎవలితోనో రాయించిండ్రు."

ఆ మాటకు అక్బర్ చెయ్యి తనకు తెలియకుండానే మణికట్టు పట్టుకుంది. కైలాసం చాయ్ తెప్పించాడు, చక్కెర తక్కువేసి, అక్బర్ తాగే తీరులోనే. దాని మీద మీగడ కట్టింది. ఇద్దరూ తెర మీద పాకుతున్న పచ్చ గీతను చూస్తూ కూర్చున్నారు, ఒకప్పుడు తడి గోడ ఆరేదాకా కూర్చున్నట్టే.

"చూస్కో భాయ్, ఒక్కటి పోలే," అన్నాడు కైలాసం, గీత చివరికంటా చేరాక.

అక్బర్ లెక్క చూశాడు. ఆరువందల నలభై. డిస్కు తీసి, రుమాల్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని లేచాడు.

"శుక్రవారం వస్తవు గదా?"

"ఇంట్లనే పెట్టుకుంట."

"ఇల్లు కాలితేనో?"

"కాలితే కాలనీ."

గడప దిగుతుంటే కైలాసం వెనక నుంచి గబగబా అన్నాడు.

"నిచ్చెనన్న తీస్కపో భాయ్! భాభి ఎన్నేండ్ల సంది అడుగుతున్నది. ఆటోల వేపిస్త."

అక్బర్ తిరిగి చూడలేదు.

"పట్టుకునేటోడు ఉండాలె గద," అని, బస్టాండు వైపు నడిచాడు.

ఫ్లెక్సీ చుట్టల వెనక నిచ్చెన గోడకు ఒరిగి ఉంది. పంతొమ్మిదేళ్ల రంగు చుక్కలు దాని ఒళ్లంతా పొక్కుల్లా లేచి ఉన్నాయి. కింద, మనిషి ఛాతీ ఎత్తున, రెండు పక్కలా జానెడు మేర మాత్రం ఒక్క చుక్కా లేకుండా, అరచేతుల కింద నున్నబడిన కట్టె మెరుస్తోంది.