ముప్పయ్యో లైను దగ్గర

మందుల పెట్టెల్లో మడతలు పెట్టి ఉంచే కాగితం ఒకటుంటుంది. పెట్టె తెరవగానే చాలామంది తీసి పక్కన పడేసేది దాన్నే. ఏ మందు ఎవరు ఎంత వేసుకోవాలో, ఎవరు అసలు ముట్టుకోకూడదో చీమ తలకాయంత అక్షరాల్లో అందులో ఉంటుంది. ఆ కాగితాలు అచ్చువేసే ప్రెస్సులో సూపరింటెండెంటుగారి సంతకం లేకుండా ఇరవై రెండేళ్లుగా ఒక్క కాగితమూ మెషీను ఎక్కలేదు. పొద్దున్నే దేవుడి ముందు కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు కూడా ఆయన కోరుకునేది ఒక్కటే. "స్వామీ, నా చేతి మీదుగా తప్పు పోనివ్వకు."

తప్పు పోకుండా ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. ఒకరు అసలు ప్రతి పట్టుకుని గట్టిగా చదువుతారు. ఇంకొకరు ప్రూఫు మీద పెన్సిలు ఆనించి వింటారు. తేడా కనిపిస్తే "ఆగండి" అంటారు. వినేవాళ్లు లేకుండా చదివిన కాగితం చెల్లదు.

చదివే ఆయన్ని అందరూ గంట అంటారు. గొంతు అలాంటిది. వినే ఆవిడ సున్నా అక్కయ్య. పదకొండేళ్ల కిందట పిల్లల జ్వరం మందు కాగితంలో ఎక్కడినుంచో వచ్చి కూర్చున్న ఒక సున్నాను నలుగురు చూసి వదిలేస్తే, ఆవిడ పట్టుకుంది. పట్టుకోకపోతే మోతాదు పదింతలయ్యేది. ఆ రోజు సూపరింటెండెంటుగారు ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని చాలాసేపు ముద్ద ఎత్తలేదు.

రెండు నెలల కిందట సున్నా అక్కయ్య భర్త, గోడలకు రంగులు వేసే మనిషి, నిచ్చెన మీదనుంచి పడి రెండు కాళ్లూ విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో చూసుకోవడానికి మరో మనిషి లేదు. ఆవిడ ఉద్యోగం మానేస్తానని ఉత్తరం పట్టుకొస్తే, సూపరింటెండెంటుగారు ఆ ఉత్తరాన్ని తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టారు.

"ఇంటి దగ్గరే కూర్చుని ఫోన్లో వినండమ్మా. మనకి మీటింగు సర్వరు ఉండగా దిగులెందుకు? పైవాళ్లకి నేను చెప్పుకుంటాను."

చెప్పుకున్నారు కూడా. తన పూచీ మీద ఆవిడకు అనుమతి ఇప్పించారు. ప్రెస్సు బండి పొద్దున ప్రూఫులు ఇచ్చి సాయంత్రం తిరిగి తెచ్చేది. మొదటి నెల అంతా నల్లేరు మీద బండి నడకలా సాగింది.

ఆ తర్వాత మొదలైంది గొడవ. గంట చదువుతూ ఉంటాడు. తెర మీద సున్నా అక్కయ్య పేరు ఉన్నట్టుండి మాయమైపోతుంది. కాసేపటికి మళ్లీ వచ్చి, "లైను తెగిందండీ" అంటుంది ఆవిడ. ఒక పూటలో అయిదారుసార్లు. ఇలా మూడు వారాలు.

మొదటి వారం సూపరింటెండెంటుగారు లైనునే తిట్టుకున్నారు. రెండో వారం మనసులో ఒక పురుగు దూరింది. ఇంటినుంచి పనిచేసే సేల్స్ అబ్బాయి ఒకడున్నాడు, వాగుడుకాయ అని పేరు. వాడికి ఒక్కసారీ తెగలేదు. తెగితే బాగుండునని నలుగురూ అనుకున్నా తెగలేదు. మరి ఈవిడకే ఎందుకు తెగుతోంది? మంచం మీద మనిషి పిలుస్తాడు. ఈవిడ ఫోను కట్టేసి వెళ్తుంది, వచ్చి లైను మీద పెడుతుంది. తప్పు కూడా కాదేమో, ఎవరైనా అదే చేస్తారు. కానీ వినేవాళ్లు లేని కాగితం మీద తను సంతకం ఎలా పెడతారు?

బుధవారం ఆయన సర్వరు గదికి వెళ్లారు. బీరువాకన్నా కాస్త పెద్ద గది, లోపల చలి, రెండు పెట్టెల మీద పచ్చ దీపాలు. వాటిని చూసుకునే ఆవిడ హోదా పేరు చాలా పొడుగు, ఎవరికీ నోరు తిరగదు. అందుకని అందరికీ ఆవిడ సర్వరమ్మ. నలభై అయిదేళ్లు ఉంటాయి. కళ్లజోడు నెత్తి మీద, రూళ్ల నోటుపుస్తకం చంకలో.

"సోమవారానికల్లా తేలాలమ్మా. తేలకపోతే అనుమతి రద్దు చెయ్యమని నేనే రాయాలి. రాస్తే ఆవిడ మానేస్తుంది."

"తేలుద్దాం సార్."

"తేలడానికేముంది అసలు? అందరికీ బాగానే ఉంది, ఆవిడొక్కదానికే తెగుతోంది. మీ పెట్టెకి ఆవిడ మీద పగా?"

సర్వరమ్మ నవ్వింది. "పగ ఏం లేదండి. కానీ ఇది అడిగినదానికే జవాబు చెప్తుంది. ఏం అడగాలో నేనే వెతుక్కోవాలి."

గురువారం మధ్యాహ్నానికి ఆవిడ సర్వరు రాసుకున్న చిట్టా మొత్తం చదివేసింది. "ఎర్ర బటన్ నొక్కి వెళ్లినవాళ్లకి ఇందులో ఒక గుర్తు పడుతుంది సార్. 'వెళ్తున్నాను' అన్నట్టు. అక్కయ్యకి ఆ గుర్తు ఒక్కసారి కూడా పడలేదు. అంటే ఆవిడ కట్టెయ్యలేదు. మాయమైపోయింది."

సూపరింటెండెంటుగారికి ప్రాణం లేచి వచ్చింది. కానీ ఎంతోసేపు నిలవలేదు. సర్వరమ్మ తన ఫోను తీసుకుని, ఆఫీసు వైఫై ఆపేసి, స్కూటర్ల షెడ్డులోకి వెళ్లి మీటింగులో చేరింది. లోపల కూర్చున్న గంటతో అరగంట మాట్లాడింది. పిల్లల చదువులు, నడుం నొప్పి, కొత్త చెప్పులు కరవడం, అన్నీ అయ్యాయి. లైను చెక్కుచెదరలేదు.

"చూశారా, బయటినుంచీ బాగానే ఉంది" అన్నారు సూపరింటెండెంటుగారు. అన్నాక నోరు చేదుగా అనిపించింది.

సర్వరమ్మ నోటుపుస్తకంలో ఏదో రాసుకుని, "ఆ మూడు వారాల ప్రూఫులు ఇప్పించండి" అంది.

"ప్రూఫులా? అవి మీకెందుకు?"

"అక్కయ్య ఆ సమయంలో ఏం చేస్తోందో వాటికే తెలుసు కదండీ."

శుక్రవారం పొద్దున కాగితాలు కత్తిరించే పొడుగాటి బల్ల మీద ఆవిడ ప్రూఫులన్నీ పరిచింది. తప్పు పట్టుకున్న ప్రతిచోటా మార్జినులో ఎర్రగీత ఉంది. అవికాక అక్కడక్కడా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తులు.

"ఇవేంటి?" అని గంటని అడిగింది.

గంట తల గోక్కున్నాడు. "లైను తెగిన చోట్లండి. అక్కయ్య అక్కడ ఇంటూ పెట్టుకుంటుంది. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, తను వినని లైన్లన్నీ మళ్లీ చదివించుకుంటుంది. మూడు వారాలుగా నేను వేడన్నం తిన్నది లేదు. 'రెండు లైన్లే కదా అక్కయ్యా, వదిలెయ్' అన్నానొకసారి. అయిపోయింది నా పని. 'ఆ రెండు లైన్లు మింగేవాళ్లకి చెప్పు ఆ మాట' అని కడిగి ఆరేసింది."

సూపరింటెండెంటుగారి చెవులు వేడెక్కాయి. "నాకు చెప్పలేదేమయ్యా?"

"మీరు అడగలేదు కద సార్."

సర్వరమ్మ ఈ మాటలేవీ విన్నట్టు లేదు. కళ్లజోడు నెత్తి మీదనుంచి ముక్కు మీదకి దించి, ఎర్రగీతనుంచి ఇంటూ దాకా పెన్సిలు మొనతో లైన్లు లెక్కపెడుతోంది. ఒక కాగితం, ఇంకో కాగితం. బియ్యంలో రాళ్లు ఏరే మనిషికున్నంత నిదానం. చూస్తూ చూస్తూ సూపరింటెండెంటుగారు కూర్చోవడం మరిచిపోయారు.

"ముప్పై. ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిది. ముప్పై." ఆవిడ తలెత్తింది. "ఇది చూడండి సార్. ఈ కాగితం నిండా తప్పులే. పద్నాలుగుసార్లు 'ఆగండి' అంది. ఒక్కసారీ తెగలేదు. ఇదేమో కడిగిన ముత్యంలా ఉంది. నాలుగుసార్లు తెగింది."

"అంటే?"

"ఉండండి. గంటగారూ, ఈ ముప్పై లైన్లూ మీరు రోజూ చదివేటట్టే చదవండి."

గంట గొంతు సవరించుకుని చదివాడు. సర్వరమ్మ గోడ గడియారం చూసింది. సరిగ్గా రెండు నిమిషాలు.

"మాట్లాడినంతసేపూ తెగట్లేదు సార్. రెండు నిమిషాలు నోరు మెదపకుండా వింటే తెగుతోంది. మన సర్వరు ముందు ఫైర్‌వాల్ అని ఒక కాపలా పెట్టె ఉంది. బయటినుంచి వచ్చినవాళ్లకి ఒక్కొక్కరికీ ఒక్కో తలుపు తెరిచి పట్టుకుంటుంది. అటునుంచి రెండు నిమిషాలు ఏ చప్పుడూ రాలేదనుకోండి, ఈ మనిషి వెళ్లిపోయిందనుకుని తలుపేసేస్తుంది. ఆఫీసులో ఉన్నవాళ్లకి ఆ తలుపుతో పనే లేదు."

"అందుకేనా మన వాగుడుకాయకి తెగనిది!" అని గంట పగలబడి నవ్వాడు. "వాడి తలుపు మూయడానికి దానికి సందేదీ?"

సూపరింటెండెంటుగారు నవ్వలేదు. "మరి మొదటి నెల తెగలేదు కదమ్మా?"

"అదే నాకూ అంతుచిక్కట్లేదు. కాపలా పెట్టె నాలుగేళ్లుగా అదే. నా గదిలో ఏదీ మారలేదు. మూడు వారాల కిందట మీ వైపు ఏమన్నా మారిందా సార్?"

"మా వైపు మారడానికేముంది" అంటూ ఆయన తలెత్తారు. ఎదురుగా గోడ మీద నోటీసు ఉంది.

మీటింగులో మాట్లాడనివారు తమ మైకు, కెమెరా విధిగా ఆపి ఉంచవలెను.

కింద మూడు వారాల కిందటి తేదీ, దాని కింద తన సంతకం. ఎవరింట్లోదో కుక్క మొరిగి, ఎవరి పక్కింట్లోనో గోడ కొట్టి మీటింగు పాడైన రోజున రాసి, స్వయంగా జిగురు పూసి అంటించిన నోటీసు. అక్షరాలు ఎంత కుదిరాయో అని ఆ రోజు రెండడుగులు వెనక్కి వేసి మరీ చూసుకున్నారు.

ఆయన చూపు వెంట సర్వరమ్మ చూపూ వెళ్లింది. "అదీ సంగతి!" అంది పైకే. "అంతకుముందు అక్కయ్య కెమెరా పెట్టకపోయినా మైకు తెరిచే ఉంచేది. వాళ్లింట్లో ఫ్యాను చప్పుడే తలుపు మూసుకోకుండా పట్టుకుంది."

ముగ్గురూ షెడ్డు వైపు నడిచారు. గంట మాత్రం దారిలో తెర ముందు ఆగిపోయాడు. ఈసారి సర్వరమ్మ మైకు, కెమెరా ఆపి ఫోనును ఒక స్కూటరు సీటు మీద పెట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టినట్టు నిలబడ్డారు. నిమిషం. నిమిషంన్నర. రెండు.

"పోయిందండీ!" అని లోపలినుంచి గంట కేక వినిపించింది. "మీ పేరు పోయింది!"

పోయినందుకు అంతగా వెలిగిన మొహాన్ని సూపరింటెండెంటుగారు అంతకుముందెప్పుడూ చూడలేదు. ఆవిడ చేతులెత్తి గెంతలేదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, అంతే. తను రెండు వారాలు మనిషిని అనుమానించి కూర్చున్నారు. ఈవిడ మూడు రోజులు కాగితాన్నీ, గడియారాన్నీ, గోడనూ అడిగింది. అక్కయ్యని మాత్రం ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు.

"ఆఫీసు మొత్తం మీద నా నోటీసు అక్షరాలా పాటించింది ఆవిడొక్కతే" అన్నారాయన నెమ్మదిగా. "అందుకే తెగింది. తీసేస్తానమ్మా దాన్ని."

"వద్దు సార్. నోటీసులో తప్పేం లేదు. చప్పుడు చెయ్యకుండా వినడం తప్పెలా అవుతుంది? తలుపు దగ్గరున్నదానికే బుద్ధి చెప్పాలి."

శనివారం ఆవిడ ఆ పని చేసింది. కాపలా పెట్టెను మరింతసేపు ఓపిక పట్టమంది. దాంతోపాటు, మైకు ఆపి ఉన్నా సరే, అక్కయ్య వైపునుంచి ఇరవై సెకన్లకోసారి గొంతూ బొమ్మా లేని చిన్న గుర్తు వచ్చేటట్టు పెట్టింది. 'నేనున్నాను' అన్నదే దాని అర్థమని చెప్పింది.

ఆదివారం పొద్దున సూపరింటెండెంటుగారు దేవుడి ముందు ఎప్పటికన్నా ఎక్కువసేపు కూర్చున్నారు. కోరిక ఏదీ నోటికి రాలేదు. ఏమీ అడగకుండా ఇలా కూర్చున్న రోజుల్లో పైవాడు తనను ఉన్నట్టే లెక్క వేసుకున్నాడా, వెళ్లిపోయాననుకున్నాడా? ఆ చిన్న గుర్తు మనిషి వైపునుంచి ఎలా పంపాలి?

"ఏమండీ, నిద్రపోయారా?" అంది భార్య గుమ్మంలోంచి.

"లేదే, ఉన్నాను."

సోమవారం పొద్దున ఆయన మీటింగులో అందరూ వినేటట్టు, "అమ్మా, లైను మాదే తెగింది. నేనే మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను. మన్నించాలి" అన్నారు.

"అయ్యో, అంత మాటెందుకు సార్" అంది సున్నా అక్కయ్య గొంతు. "ఇక చదివించండి, ఇవాళ కాగితాలు చాలా ఉన్నాయి."

ఆవిడ మైకు ఆగింది. గంట మొదలుపెట్టాడు. ఆ రోజు వచ్చింది గుండె మందు కాగితం, వెంట్రుకవాసి తప్పు లేకుండా ఉంది. పది లైన్లు. ఇరవై. ముప్పయ్యో లైను దగ్గర గంట గొంతు కాస్త తడబడింది. సర్వరమ్మ బల్ల అంచు పట్టుకుంది. తెర మీద పేరు కదల్లేదు. నలభై. అరవై. వంద. కాగితం అయిపోయింది.

"అక్కయ్యా, ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను? రెండోది తియ్యి."

సర్వరమ్మ ముందుకు వంగింది. "కెమెరా కూడా ఒక్కసారి పెట్టండక్కయ్యా, అదీ చూసేద్దాం."

తెర మీద సున్నా అక్కయ్య కనిపించింది. ముక్కు ప్రూఫుకు ఆనుతుందేమో అన్నట్టు వంగి ఉంది, పెన్సిలు మొన మొదటి లైను మీద ఉంది. గంట రెండో కాగితం అందుకున్నాడు. ఆవిడ వెనక మంచం. మంచం మీద తెల్లటి కట్లతో రెండు కాళ్లు, వాటి వెనక ఒక మనిషి. అతని గుండెల మీద చిన్నపిల్లలు రాసుకునే పలక ఉంది. దాని మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు: మంచినీళ్లు. కింద చిన్నగా: కాగితం అయ్యాకే.

పలక అంచులు అరిగిపోయి ఉన్నాయి. రెండు నెలలుగా అది అలా నిలబడుతోందని చూడగానే తెలుస్తోంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. అతనూ నోరు తెరవలేదు.

ఇరవై రెండేళ్లలో సూపరింటెండెంటుగారు చదువు మధ్యలో ఒక్కసారీ అడ్డుపడి ఎరగరు. ఇప్పుడు మైకు దగ్గరకి వంగారు.

"ఆగండి" అన్నారు.

గంట టక్కున ఆపాడు. సున్నా అక్కయ్య ఉలిక్కిపడి తలెత్తింది. "ఏ లైను సార్? నాకేం కనపడలేదే!"

"లైను కాదమ్మా. మీ వెనక చూడండి. ఆయనకి మంచినీళ్లు ఇచ్చి రండి. వచ్చేదాకా ఆగుతాం."