గురునాథం వంతు

నేను ఒక వీడియోగేమ్ క్యాసెట్‌ని. అగ్గిపెట్టెకంటే కాస్త వెడల్పు, బిస్కెట్టుకంటే కాస్త మందం. బూడిదరంగు ఒళ్ళు, ముఖాన సగం చిరిగిన బొమ్మ. పుట్టింది జపాన్‌లో. నా కడుపులో ఒక యుద్ధం ఉంటుంది. ఆ యుద్ధం ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకునే చిప్పు ఒకటి, ఆ చిప్పు మరిచిపోకుండా దానికి ప్రాణం పోస్తూ ఒక బిళ్ళ సెల్లు ఉంటాయి. మనుషుల జ్ఞాపకాలు దేనిమీద నడుస్తాయో నాకు తెలియదు. నావి మాత్రం ఆ సెల్లుమీదే నడిచాయి.

ఓడలో పనిచేసే ఒకాయన నన్నూ, నన్ను ఆడించే చేతిపెట్టెనూ విశాఖపట్నం తెచ్చాడు. కొడుకు చదవడం మానేసి నన్నే పట్టుకు కూర్చుంటున్నాడని కోపమొచ్చి, పక్కవాటా పిల్లలకి ఇచ్చేశాడు. ఒక పిల్లవాడి చదువు బాగుపడాలంటే ఇద్దరి చదువు పాడవాలి కాబోలు. ఆ ఇద్దరే హైమవతి, ఆమె తమ్ముడు గురునాథం.

నాది చదరంగానికి దూరపు చుట్టంలాంటి ఆట. గళ్ళ నేలమీద మన సైనికుల్ని ఒక్కొక్కర్నీ జరపాలి. మనవాళ్ళందరూ కదిలాక శత్రువు వంతు వస్తుంది. చచ్చిన సైనికుడు మళ్ళీ రాడు. నన్ను తయారుచేసినవాళ్ళు లోకం నుంచి అరువు తెచ్చుకున్నది ఆ ఒక్క సంగతే.

నాలోని అక్షరాలన్నీ జపాన్‌వి. పిల్లలకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని వాళ్ళంతట వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. ఒళ్ళంతా ఇనుము తొడుక్కున్న లావుపాటి వీరుడు ‘బీరువా’. గుర్రంమీద దూరదూరాలు తిరిగేవాడు ‘పాలాయన’. పెట్టెల తాళాలు తీసే దొంగ ‘కోటి మావయ్య’. ఆ పేరుగల అసలు మావయ్య ఇంటికొచ్చినప్పుడు ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని నోళ్ళు మూసుకునేవాళ్ళు. గాయాలు మాన్పే కర్ర పట్టుకుని తిరిగే అమ్మాయికి గురునాథం ‘అక్క’ అని పేరు పెట్టాడు.

ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. ఒక వంతు అక్కది, ఒక వంతు తమ్ముడిది. ఒకరి వంతులో రెండోవాళ్ళు బటన్ నొక్కకూడదు. అన్నం దగ్గర అబద్ధాలాడేవాళ్ళు, ప్రోగ్రెస్ కార్డుమీద నాన్న సంతకం పెట్టేసేవాళ్ళు. ఈ కట్టుబాటు మాత్రం తప్పలేదు.

గురునాథం తన వంతు వచ్చినప్పుడల్లా ‘అక్క’ని అందరి వెనక్కీ నెట్టేసేవాడు.

“ఎప్పుడూ నన్ను వెనక దాస్తావేట్రా? నేనేమైనా పెళ్ళికూతుర్నా?”

“నువ్వు పోతే మాకు మందెవడేస్తాడు? కూకో అక్కడ, కదలకుండా.”

ఆఖరి ఆట వంతెన దగ్గర యుద్ధం. గురునాథం వంతు. నాలుగు రోజులుగా కళ్ళు పచ్చబడి, అన్నం చూస్తే వాంతి వస్తోంది వాడికి. అయినా మంచంమీద పడుకునే ఒక్కొక్కర్నీ జరిపాడు. ఒక్క పాలాయన మిగిలాడు. ఈలోగా వీధిలో ఆటో ఆగింది. నాన్న చెప్పులు తొడుక్కుని “లేరా, ఆస్పత్రి మూసేస్తారు” అని కేకేశాడు.

వాడు ఆటని సేవ్ చేసి నన్ను దిండుకింద పెట్టాడు.

“పాలాయన్ని నేనొచ్చి జరుపుతానక్కా. ముట్టుకున్నావో, నీ జడ కత్తిరించేస్తా.”

వాడు రాలేదు.

హైమ జడ అలాగే పెరిగింది. దానికి పూలు చుట్టి పెళ్ళి చేశారు. గాజువాక కాపురానికొచ్చిన ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున, వాడి చేతిరుమాల్లో చేతిపెట్టె, నేను. చీరలు ఏడాదికోసారి ఎండకెళ్ళేవి. నన్నెవరూ తీయలేదు. చీకట్లో ఉండి నేను చేసిన పని ఒక్కటే. వంతెన ఇవతల ఎవరు ఏ గడిలో నిలబడ్డారో మరిచిపోకుండా ఉండటం.

ఎన్నేళ్ళకో ఒక మధ్యాహ్నం హైమ రుమాలు విప్పింది. రవికెకి సరిపడే గుండీల కోసం వెతుకుతోందట. గుండీలు దొరకలేదు. చేతిపెట్టెలో సెల్లులు వేసి, నన్ను గుచ్చి, చత్వారం కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. ఒకప్పుడు రాజ్యమంత ఉన్న ఆట ఇప్పుడు అప్పడమంత కనిపించింది. కానీ వేళ్ళకి దారి గుర్తుంది. సేవ్ తెరుచుకుంది. వంతెన, బీరువా, కోటి మావయ్య, అందరూ ఉన్నారు. గురునాథం వంతు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ రోజునుంచి వంటిల్లు సర్దుకోగానే నన్ను తెరిచేది. ఏ బటనూ నొక్కకుండా చూసి, ఆపేసేది. ఒక మధ్యాహ్నం చూస్తూ చూస్తూ “ఓరి వీడి దుంపతెగ!” అంది. వాడు సైనికుల్ని పంపింది వంతెన గెలవడానికి కాదు. అందర్నీ ‘అక్క’ చుట్టూ నిలబెట్టాడు. ఆ చుట్టులో ఒక్క గడి ఖాళీ. పాలాయన వెళ్ళాల్సింది అక్కడికే. వాడి ఆఖరి ఎత్తు హైమకి అంతకాలానికి అర్థమైంది. అది ఒక్కటి జరిపేస్తే శత్రువు వంతు వస్తుంది. తమ్ముడు కట్టిన గోడ నిలబడుతుందో కూలుతుందో తేలిపోతుంది.

“గురువారం వాడి పుట్టినరోజండీ. ఆ రోజు మా తమ్ముడి ఆట ఆడేస్తాను,” అని మొగుడితో చెప్పింది. “లోపలి సెల్లు ఎప్పుడు పోతుందోనని భయంగా ఉంది.”

మొగుడు నరహరి మంచివాడు. ఏ వస్తువూ పోయేదాకా ఆగడు, ముందే మార్చేస్తాడు. గ్యాస్ ట్యూబు పగలకముందే మారుతుంది, కుళాయి కారకముందే వాషరు మారుతుంది. భార్య భయం విన్నాడు, తమ్ముడి ఆట అంటే నేనే అనుకున్నాడు, నాలో ఆగిపోయిన యుద్ధమనుకోలేదు. బుధవారం హైమ ఎవరిదో గృహప్రవేశం పేరంటానికి వెళ్ళగానే నన్ను చొక్కా జేబులో వేసుకుని వాచీలు బాగుచేసే షాపుకి బయల్దేరాడు.

వాచీలాయన నా వీపు విప్పి, సోల్డరింగు కడ్డీ వేడెక్కుతుండగా అడిగాడు. “ఇందులో ఏటైనా ఉందాండి? దాచుకున్నదీ అదీ?”

“ఏముంటుందండీ, చిన్నపిల్లల ఆట.”

‘నాకే నోరుంటే’ అనడం మామూలే. ఆ క్షణాన నాకు కావలసింది నోరు కాదు. ఇంకొక్క రోజు.

సెల్లు ఊడింది. బాధ లేదు. పలకమీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టయింది. ఇదంతా చెబుతున్నానంటే నాకు గుర్తుందనుకోకండి. ఆ తర్వాత హైమ తనలో తాను అనుకుంటుంటే, నరహరి షాపు సంగతి చెబుతుంటే విన్నదే మీకు చెప్పాను. ఎవరు ఏ గడిలో ఉన్నారో అడిగితే చెప్పలేను.

గురువారం హైమ తలంటుకుని, పరమాన్నం చేసి, నన్ను తెరిచింది. ఖాళీ. ఆపి మళ్ళీ తెరిచింది. ఖాళీ.

“కొత్త సెల్లు వేయించాను,” అన్నాడు వెనకనుంచి నరహరి, మొహం వెలిగిపోతూ. “ఇంక ఇరవై ఏళ్ళు ఢోకా లేదట. చెప్పకుండా చేద్దామని... ఏం హైమా, పని చెయ్యట్లేదా?”

ఆయన మొహంకేసి చూసింది హైమ.

“చేస్తోందండీ. బాగా చేస్తోంది.”

మర్నాడు వంటింట్లో మూకుడు పొయ్యిమీద పెట్టి పోపులపెట్టె తీసింది. నేను ఇంకా నిన్న పెట్టిన పొయ్యిగట్టుమీదే ఉన్నాను. ‘అక్క’గా ఒక మెంతిగింజ తీసి గట్టుమీద పెట్టింది. దాని ముందు ఎండుమిర్చి ముక్క, అది బీరువా. పక్కన మినపబద్దలు. ఎదురుగా వంతెన అవతల ఆవాలు చల్లింది, శత్రువులు. రెండు మినపబద్దల్ని అటూ ఇటూ జరిపి, కాదేమో అని మళ్ళీ జరిపి, వదిలేసింది. ఆఖరికి ఒక శనగబద్ద పట్టుకుని, ఆ చుట్టులో ఖాళీగా మిగిలినచోట పెట్టింది.

“అయిందిరా. నీ వంతు అయిపోయింది.”

శత్రువు వంతు కోసం చూసింది.

ఆవాలు కదల్లేదు.

నూనె పొగలెత్తింది. హైమ గట్టుమీదివన్నీ అరచేత్తో ఊడ్చి మూకుట్లో వేసింది, మెంతిగింజతో సహా.

ఆ పూట చారు అమోఘంగా ఉందన్నాడు నరహరి.