పార ఉన్న చెయ్యి

దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ఇటు రండి, అంత దూరం వచ్చేసరికి నా గొంతు చల్లారిపోతుంది. ఈ కథ వింటున్నంతసేపూ పక్కవాళ్ళ మోచెయ్యి మీకు తగులుతూ ఉండాలి. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. దేవుడి దయవల్ల వాన బయటే ఉంది, మనం లోపలున్నాం. ఇక వినండి.

ఒక ఊళ్ళో గోతులు తవ్వే పెద్దాయన ఉండేవాడు. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించుకుని, చేతులు కాచుకుని, గుమ్మం దగ్గరి రాయి మీద పార అంచు గీకి, భుజాన వేసుకుని బయల్దేరేవాడు. కబురొస్తే గొయ్యి తవ్వేవాడు. రాకపోతే పాత సమాధుల మధ్య గడ్డి పీకేవాడు, కుంగిన చోట మట్టి పోసేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి గోళ్ళలో మట్టి పుల్లతో తీసుకునేవాడు. ఎంత తీసినా కొంచెం మిగిలేది. కూతురు చిన్నప్పుడు ఆ చేతులు చూసి, "నాన్నా, గోళ్ళకి కూడా కాటుక పెట్టుకుంటావా?" అని అడిగేది.

ఆయన కుడి మణికట్టు మీద చిన్న పార పచ్చబొట్టు ఉండేది. ఆ ఊళ్ళో పని చేసే ప్రతి మనిషికీ చేతి మీద ఆ పని గుర్తు ఉండేది. రొట్టెలు కాల్చేవాడికి పొయ్యి, మేస్త్రికి తాపీ, చెప్పులు కుట్టేవాడికి ఆరె, బస్సు డ్రైవరుకి స్టీరింగు. గుర్తు పడితేనే పని చేతికొచ్చేది. అవి పొడిచేది ఒకే ఒక్క ఆడమనిషి. ఊరంతా ఆమెని సూదమ్మ అనేవాళ్ళు. ఆమె చేతి మీద మూడు సిరాచుక్కలుండేవి, ఆమె పనికి గుర్తుగా.

మనిషి పోయేవేళ ఆ గుర్తున్న చెయ్యి ఎవరు పట్టుకుని ఉంటే, గుర్తు వాళ్ళ చేతి మీదికి పాకేది. గుర్తుతోపాటు పనీ వచ్చేసేది. అంతకుముందు వాళ్ళకున్న గుర్తు చెరిగిపోయేది, పాత పనిని వేళ్ళు మరిచిపోయేవి. ఆ చెయ్యి ఎవరూ పట్టుకోకపోతే, ఒంటిని ఎక్కడ తాకి ఉన్నా అక్కణ్ణుంచే వచ్చి అంటుకునేది. అసలెవరూ తాకకపోతే మనిషితోపాటే పోయేది. గొడుగులు బాగుచేసే ఆయన నిద్దట్లో ఒంటరిగా పోయాడు. అప్పట్నుంచీ ఆ ఊళ్ళో గొడుగు విరిగితే విరిగినట్టే. కంసాలి కొడుకులిద్దరూ తండ్రి చేతిని చెరోవైపూ లాక్కున్నారు. ఒకడికి పట్టకారు వచ్చింది, ఇంకొకడికి సుత్తి. ఇద్దరికీ మాటల్లేవు. కానీ ఉంగరం చెయ్యాలంటే ఒకే అరుగు మీద మోకాళ్ళు తగిలేలా కూర్చోవాల్సిందే. నవ్వండి, ఫరవాలేదు. ఇంకాసేపు పోతే నవ్వడానికేమీ ఉండదు.

కంసాలి చేతికోసం కొట్టుకున్న ఊరే కొందరి మంచాల దగ్గరికి గ్లౌజులు వేసుకుని వెళ్ళేది. మరుగుదొడ్లు కడిగేవాళ్ళ మంచాల దగ్గరికి, చెత్తబండి తోసేవాళ్ళ మంచాల దగ్గరికి. గుడ్డ అడ్డముంటే గుర్తు దాటదు. మందపు గుడ్డ, లోపల మెత్తటి లైనింగు, మోచేతిదాకా పొడుగు. వాటికి పలకరింపు గ్లౌజులని పేరు. ఆ గ్లౌజులు కుట్టేది ఎవరో తెలుసా? మన పెద్దాయన కూతురే. ఆమె చేతి మీద కత్తెర ఉండేది.

ఆమె మొగుడు ఇళ్ళ పైకప్పులు వేసేవాడు. ఒకరోజు నిచ్చెన మీంచి పడ్డాడు. అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు, ఒకతి ఇంకా చంకలోనే. ఆయన గుర్తు తన చేతికొస్తే కత్తెర పోతుంది, చంటిపిల్లని ఎత్తుకుని కప్పులెక్కలేదు. అందుకని తను కుట్టిన గ్లౌజులే వేసుకుని మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆయన కళ్ళు తెరిచి ఆ గుడ్డవేళ్ళ వంక చూశాడు. ఆయన పోయాక గొయ్యి తవ్వింది ఈమె తండ్రే. ఆనాటినుంచీ కత్తెరే ఆ ఇంటికి అన్నం.

ఇప్పుడు, కూతురింట్లోనే ఉంటున్న పెద్దాయనకి జబ్బు చేసింది. ఇన్నేళ్ళ తడిమట్టి చెమ్మ ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. మంచం పట్టినరోజే ఆయన కుడిచేతికి పాత తువ్వాలు చుట్టుకుని తొడకింద పెట్టుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు వచ్చారు. గ్లౌజులతో వచ్చారు, గుమ్మం దగ్గరే నిలబడ్డారు, దేవుడున్నాడన్నారు, వెళ్ళిపోయారు. దేవుడున్నాడు, అందులో సందేహం లేదు. ఆయన ఆ మంచం పక్కనే కూర్చుని ఉంటాడు. వాళ్ళే కూర్చోలేదు.

కూతురు రోజూ జావ కాచి తెచ్చేది. తనని తాకొద్దని తండ్రి ఒట్టేయించుకున్నాడు. అందుకని పొడుగు గరిటెతో నోట్లో పోసేది.

"ఇంకా పొడుగు గరిటె దొరకలేదా? వీధిలోంచే పోసేద్దువు," అన్నాడాయన.

"దూరంగా ఉండమన్నది ఎవరు?"

"నేనే. ఉన్నావు. మంచిపిల్లవి."

"నాన్నా, ఆ తువ్వాలు విప్పు."

"ఆ నీలం గౌనెవరిది? మిషను మీద చూశాను. కుచ్చులు బాగా పెట్టావు."

"మాట మార్చకు."

ఆయన కాసేపు దగ్గాడు. దగ్గి, కప్పు వంక చూస్తూ చెప్పాడు. "నా చేతి మీద మొదట పార కాదే తల్లీ. తెడ్డు. పడవ నడిపేవాణ్ణి. ఏటి మధ్యలో పడవాపి, ఊరికే కూర్చునేవాణ్ణి. మా నాన్న పోతూ నా పేరు పెట్టి పిలిచాడు. చెయ్యిచ్చాను. ఆ పూటే తెడ్డు పోయింది. మర్నాడు ఏటికి వెళ్ళి పడవలో కాలు పెట్టి, వెనక్కి తీసేసుకున్నాను. ఎక్కలేకపోయాను. మళ్ళీ అటు వెళ్ళలేదు."

"తాతయ్య మీద కోపం వచ్చిందా?"

"రాలేదు. అదే నా భయం. నీకూ రాదు. కోపమైనా ఉంటే దాంతో బతకొచ్చు. నువ్వు కత్తెర పోగొట్టుకుని, నన్ను ఒక్కమాటైనా అనకుండా మట్టి తవ్వుతావు. అలా చూడలేను, పైనుంచైనా చూడలేను. నువ్వు పట్టుకోవద్దు. ఎవరూ పట్టుకోవద్దు. నాతోనే పోనీ."

ఆమె గరిటె కడుక్కుని బయటికొచ్చేసింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం వాన పడుతోంది. సూదమ్మ విరిగిన గొడుగుతో, సగం తడిసి వచ్చింది. వసారాలో కూతురు మిషనుకి ముసుగు వేసేస్తోంది. నీలం గౌను పూర్తయి, మడతపెట్టి ఉంది. కత్తెర గుడ్డలో చుట్టి ఉంది. పిల్లలు కనబడలేదు.

"పిల్లలేరీ?" అంది సూదమ్మ.

"పక్కింట్లో దింపాను అత్తా. సాయంత్రందాకా ఉంచమన్నాను."

సూదమ్మకి అర్థమైంది. "ఊపిరెలా ఉంది?"

"పైపైనే ఆడుతోంది. నేను పట్టుకుంటాను అత్తా. ఒట్టు తీసి గట్టున పెడతాను."

"పట్టుకుని?"

"మట్టి తవ్వి పెంచుతాను పిల్లల్ని. నన్నలాగే పెంచాడుగా." ఆమె గుడ్డలో చుట్టిన కత్తెరని పక్కకి జరిపింది. "అప్పుడు మా ఆయన్ని గ్లౌజుల్లోంచి పట్టుకున్నాను కదా. ఆయన చెయ్యి ఎప్పుడు చల్లబడిందో నాకు తెలీనేలేదు. గుడ్డ వెచ్చగా ఉంటే ఆయనే వెచ్చగా ఉన్నాడనుకున్నాను. ఇంకోసారి నావల్ల కాదు."

సూదమ్మ తడిసిన చీరకొంగు పిండుకుంది. తర్వాత, "జావ ఉందా?" అంది.

"ఉంది. చల్లారిపోయింది."

"వేడి చేసి పట్రా. చల్లటి జావ తాగి పోయాడనిపించుకోకూడదు మనిషి. ఈలోపు నేను పలకరిస్తాను, వెళ్ళు."

కూతురు వంటింట్లోకి వెళ్ళింది. సూదమ్మ లోపలికెళ్ళి, ముక్కాలిపీట లాక్కుని మంచం పక్కన కుడివైపు కూర్చుంది. ఆమె చేతులకి గ్లౌజుల్లేవు.

"దూరం జరుగు," అన్నాడు పెద్దాయన.

"జరగడానికి చోటేదన్నా, ఇటు గోడ ఉంది."

బెదిరిన చెయ్యిని తెరిపించడం ఊళ్ళో సూదమ్మ ఒక్కదానికే తెలుసు. సూది చూడగానే ఎంత మొనగాడైనా చెయ్యి వెనక్కి దాచేవాడు. ఆమె ఎప్పుడూ చెయ్యి గురించి మాట్లాడేది కాదు. ఎదుటివాడికి ఇష్టమైనదేదో అడిగేది, బొటనవేలితో మణికట్టు నిమురుతూ ఉండేది. వాడు చెబుతూ చెబుతూ పిడికిలి వదిలేసేవాడు.

"అన్నా, ఒకటడుగుతాను. వరదలో ఏరు దాటాలంటే పడవ తిన్నగా పోనివ్వాలా, ఏటవాలుగానా?"

"తిన్నగా ఎవడు పోతాడు? మునిగిపోడూ?"

"మరి?"

"ముందు గట్టు వెంబడే పైకి పోవాలి. బాగా పైకి. అక్కడ నీటికి ఎదురు తిరగకూడదు. తెడ్డు ఇలా వాల్చి పట్టుకోవాలి..." వేళ్ళు మరిచినా మనసు మరవలేదు, చూపిద్దామని చెయ్యి తొడకింద నుంచి తీశాడు. "నీరే తోస్తుంది. నువ్వు కొంచెం ఆపుతూ ఉండాలి, అంతే. అవతలి గట్టు అదే దగ్గరికొస్తుంది."

తువ్వాలు ఎప్పుడు ఊడిందో, చెయ్యి ఎప్పుడు ఆమె చేతుల్లోకి వెళ్ళిందో ఆయనకి తెలియలేదు. తెలిశాక లాక్కోబోయాడు. బలం చాలలేదు.

"మాయ చేశావే," అన్నాడు.

"ఆ తెడ్డు పొడిచింది నేనే. గుర్తుందా? నాకదే మొదటి పని. వంకరగా వచ్చింది, నువ్వేమో బాగుందన్నావు."

"వంకరగానే వచ్చింది. నీ మొహం చూసి అనలేకపోయాను." ఆయన నవ్వబోయి దగ్గాడు. "వదులు. నీ చుక్కలు పోతాయి. ఊళ్ళో మళ్ళీ పొడిచేవాళ్ళుండరు."

"లేకపోతే లేకపోయె. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళందరి చేతులూ పట్టుకుని ఏడిపించాను. ఒక్క చెయ్యైనా ఏడిపించకుండా పట్టుకోనీ."

ఆయన ఇంక లాక్కోలేదు.

కూతురు గిన్నెతో గుమ్మంలోకొచ్చి ఆగిపోయింది. గిన్నె కిందపెట్టి గబగబా వచ్చింది. "అత్తా, వదులు. అది నాది."

"ఈ చెయ్యి నాదమ్మా, పట్టేసుకున్నాను," అంది సూదమ్మ, తల తిప్పకుండా. "అటువైపు వెళ్ళు. ఎడమచెయ్యి ఖాళీగానే ఉందిగా. ఏం, దానికి వేడుండదా?"

కూతురికి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళలో, పాపం, పోయేవాళ్ళ ఎడమచేతి గురించి ఆలోచించినవాళ్ళే లేరు. గుర్తు కావాలంటే కుడిచెయ్యి, వద్దంటే గ్లౌజులు. పార ఉన్న చెయ్యి ఇంకొకరు పట్టుకుని ఉంటే, పార అటే పోతుంది. ఇటువైపు తగిలినా ఏమీ కాదు.

ఆమె మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, నేలమీద కూర్చుని, తండ్రి ఎడమచెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. మంచం పట్టిన దగ్గర్నుంచీ ఆయన్ని తాకడం అదే మొదటిసారి.

"గరుగ్గా ఉన్నాయే నీ వేళ్ళు," అన్నాడాయన.

"కత్తెర నాన్నా."

"మంచిది. ఉండనీ."

వాన అలాగే పడుతోంది. జావ మీద మీగడ కట్టింది. కొంతసేపటికి ఆయన ఒక ఊపిరి తీసుకుని, రెండోది తీసుకోలేదు. సూదమ్మ చేతి మీది మూడుచుక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. పార ఆయన మణికట్టు దిగి, ఆమె మణికట్టెక్కి, అక్కడ స్థిరపడింది. కూతురు అటు చూడలేదు. తన చేతిలోని చెయ్యి మెల్లగా చల్లబడుతుంటే, పూర్తిగా చల్లబడేదాకా పట్టుకునే ఉంది. ఆమె కత్తెర ఆమె చేతి మీదే ఉంది.

మర్నాడు ఆ గొయ్యి సూదమ్మే తవ్వింది. వయసు మళ్ళిన ఆడమనిషి, వానలో, ఆగి ఆగి తవ్వింది. కానీ మూలలు గీత గీసినట్టు వచ్చాయి. ఊరు విరిగిన గొడుగుల కింద నిలబడి చూసింది. పనయ్యాక పైకి రావడానికి ఆమె చెయ్యి చాపింది. గ్లౌజులన్నీ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. కూతురే వచ్చి, ఉత్తచేత్తో పైకి లాగింది.

అంతా మంచే జరిగిందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఆ ఊళ్ళో కొత్త పచ్చబొట్లు అక్కడితో ఆగిపోయాయి. పని నేర్చుకోవాలన్న పిల్లలు ఉత్తచేతులతో, చేసి చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకోవాల్సి వచ్చింది. కొందరికి రానేలేదు. అందరూ సూదమ్మనే తిట్టారు. సిరా వాసన తగిలితే ఆమె మొహం తిప్పుకునేది. ఆమె ఇంటిముందు క్యూ కట్టినవాళ్ళు ఇప్పుడు ఆమెని చూసి వీధి దాటి అవతలికి పోయేవాళ్ళు. ఆమె పొద్దున్నే పార అంచు రాయి మీద గీకి, భుజాన వేసుకుని వెళ్ళేది. మధ్యాహ్నం కూతురింటి వసారాలో కూర్చుని గోళ్ళలో మట్టి తీసుకునేది.

కూతురు చొక్కాలు కుట్టింది, గౌన్లు కుట్టింది. పలకరింపు గ్లౌజులు కుట్టమని ఎవరైనా వస్తే, "గుడ్డ అయిపోయిందండీ," అనేది. ఆమె వెనకాల బీరువాలో గుడ్డ తాను తానుగానే కనబడుతూ ఉండేది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి, ఆమెని చూసి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంకొద్దిసేపట్లో మీరు లేచి వెళ్ళిపోతారు. పార మరిచిపోండి, చుక్కలు మరిచిపోండి, నన్ను కూడా మరిచిపోండి. ఆ ముక్కాలిపీట ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పోయే మనిషి దగ్గర బరువున్న చెయ్యి ఒకటి ఉంటుంది, ఇంట్లోవాళ్ళు పట్టుకోలేనిది. మీరు పరాయివాళ్ళు కాబట్టి ఆ వైపు కూర్చోండి. అప్పుడు కన్నబిడ్డకి రెండో చెయ్యి దొరుకుతుంది. దేవుడు మనకి చేతులిచ్చింది ఊరికే కాదు. ఈ మాట పదిమందికి చెప్పండి. చెప్పేముందు ఒక్కసారైనా చెయ్యండి.